అడవినాభి: కొండలో చూసి, కుండీలో పెంచడం ఎలా

వినాయక చవితి దాటితే చంద్రగిరి చుట్టుపక్కల కంచెల మీద, తలకోన వెళ్లే దారిలో పొదల మీద కళ్లు నిలపండి. ముళ్లకంపలోంచి ఒక సన్నని తీగ పైకి వచ్చి, దాని కొసన తలకిందులుగా వేలాడే పువ్వు కనిపిస్తుంది. పువ్వు నేలను చూస్తుంటే, రేకలు మాత్రం ఆకాశం వైపు విరుచుకుని ఉంటాయి. మొదట్లో పసుపు, కొసల్లో ఎరుపు. అదే అడవినాభి. పొత్తిదుంప అనీ, అగ్నిశిఖ అనీ కూడా అంటారు. చిత్తూరు సరిహద్దు దాటితే తమిళులకు ఇది సెంగాందళ్, వారి రాష్ట్ర పుష్పం. వృక్షశాస్త్రంలో గ్లోరియోసా సుపర్బా. ఆ పేరు 1753లో లిన్నేయస్ పెట్టింది.

పాత వృక్షశాస్త్ర గ్రంథాలు దీన్ని లిల్లీ కుటుంబంలో చేర్చాయి. ఇప్పటి వర్గీకరణ దీన్ని కాల్చికేసీ అనే దగ్గరి కుటుంబానికి మార్చింది. తిరుపతి పూల అంగళ్లలో లిల్లీ పేరుతో మూర చొప్పున కొలిచి అమ్మే తెల్లపువ్వు మాత్రం దీని దరిదాపుల్లోది కాదు. అది మెక్సికో నుంచి వచ్చిన నేలసంపెంగ. మన కొండ లిల్లీని చూడాలంటే అంగడికి కాదు, కంచె దగ్గరికి వెళ్లాలి.

ఈ మొక్కను ఇంట్లో పెంచుకోవచ్చు. పెద్ద కష్టం కూడా కాదు. అయితే చాలామంది చేసే పని, కొండ దగ్గర కనిపించగానే గడ్డ తవ్వి తెచ్చుకోవడం. అది వద్దు. కొండలో అది ఎలా బతుకుతోందో నిదానంగా చూసి, ఆ ఏర్పాటునే కుండీలో చేసిపెట్టండి. కింద చెప్పేదంతా ఆ వరుసలోనే ఉంటుంది: ముందు జాగ్రత్త, తర్వాత చూపు, ఆ తర్వాతే మన్ను.

అన్నిటికన్నా ముందు విషం సంగతి

ఆకు, కాండం, పువ్వు, గింజ, గడ్డ, వీటిలో విషం లేని భాగం లేదు. ఆ విషం పేరు కాల్చిసిన్. గౌట్ అనే కీళ్లవాతానికి డాక్టర్లు ఇచ్చే మందు కూడా ఇదే. కాకపోతే అక్కడ ఒక్కో మాత్రలో అర మిల్లీగ్రాము ఉంటుంది. ఇక్కడ ఒక గడ్డలో ఎంత ఉందో కొలిచి చెప్పేవారు ఇంట్లో ఎవరూ ఉండరు. గడ్డల్లో కన్నా గింజల్లో కాల్చిసిన్ ఎక్కువ. ఆ గింజలేమో గుండ్రంగా, ఎర్రగా, పిల్లల చేతులను పిలిచేలా ఉంటాయి.

మట్టి కడిగిన గడ్డను తెలియనివారు చూస్తే సన్నటి గెనుసుగడ్డ అనుకుంటారు. ఈ పొరపాటుతో ప్రాణాలు పోయిన సంఘటనలు మన దేశంలోనూ శ్రీలంకలోనూ వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. తిన్న వెంటనే ఏమీ అనిపించకపోవచ్చు. కొన్ని గంటల తర్వాత నోరు, గొంతు మంట, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. అవి తగ్గినట్టు కనిపించినా లోపల మూత్రపిండాలు, ఎముకల మజ్జ దెబ్బతింటూ ఉంటాయి. బతికి బయటపడినవారికి వారం పది రోజుల తర్వాత జుట్టు ఊడిపోవడం ఈ విషానికి గుర్తు. కాబట్టి ఎవరైనా నోట్లో పెట్టుకున్నారని అనుమానం వస్తే చాలు, లక్షణాల కోసం ఎదురుచూడకండి. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించే ప్రయత్నం చేయకండి. వెంటనే 108కి ఫోను చేయండి, లేదా తిరుపతి రుయా వంటి పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మొక్క ముక్కను ఒక కవరులో వేసి వెంట ఉంచుకోండి, డాక్టరు పని సగం తేలికవుతుంది.

ఆయుర్వేదం దీన్ని లాంగలి పేరుతో ఉపవిషాల్లో లెక్కించింది. శుద్ధి చేయకుండా వాడరాదనీ చెప్పింది. ప్రసవం సులువవుతుందని గడ్డ అరగదీసి పొట్టకు రాసే పాత అలవాటు కొన్నిచోట్ల ఇంకా వినిపిస్తుంది. ఎవరు చెప్పినా చేయకండి. ఈ మొక్క చూడటానికి, పెంచడానికి. మందు సంగతి తెలిసినవారికే వదిలేయండి.

ఇంట్లో పాకే వయసు పిల్లలుంటే, నేల తవ్వే కుక్క ఉంటే, పెరట్లో మేకలు తిరుగుతుంటే ఇక్కడితో ఆగిపోండి. కొండ దగ్గరికి వెళ్లి చూసి రావడమే మీకు తగిన పద్ధతి. మిగతావారు ఒక జత రబ్బరు చేతితొడుగులు కొనుక్కుని ముందుకు రండి.

ఎప్పుడు, ఎక్కడ వెతకాలి

కార్తెలు లెక్కపెట్టే అలవాటుంటే పని సులువు. మృగశిర, ఆరుద్రల్లో పడే తొలకరికి గడ్డ నిద్ర లేస్తుంది. మఖ, పుబ్బల నాటికి తొలి పూలు. తిరుపతి ప్రాంతానికి నైరుతి కన్నా ఈశాన్య రుతుపవనాలు ఇచ్చే వాన ఎక్కువ కాబట్టి, స్వాతి కార్తె దాకా కూడా పూలు దొరుకుతాయి. మొత్తానికి ఆగస్టు నుంచి నవంబరు వరకు. వాన ఆలస్యమైన ఏడు పువ్వూ ఆలస్యమే. జనవరికల్లా పైన తీగ ఎండి మాయమవుతుంది. మార్చిలో వెళ్లి వెతికితే ముళ్లకంప తప్ప ఏమీ కనిపించదు.

దీనికోసం రిజర్వు ఫారెస్టు లోపలికి చొరబడనక్కర్లేదు. నిజానికి దట్టమైన అడవి దీనికి నచ్చదు. అడవి అంచు, వంక గట్టు, చెరువు కట్ట, మామిడి తోట కంచె, రోడ్డు పక్కన ఎవరూ కొట్టని కంప, ఇవీ దీని చిరునామాలు. చంద్రగిరి నుంచి భాకరాపేట వైపు, తలకోన దారిలో, నారాయణవనం దగ్గర కైలాసకోన పరిసరాల్లో ఇలాంటి అంచులు చాలా ఉన్నాయి. పలమనేరు, కుప్పం వైపు కంచెలు కొట్టేసి ఇనుప తీగ లాగిన పొలాల కన్నా, పాత ముళ్లకంచె నిలిచిన పొలాల దగ్గర వెతకండి. కంచె పోయినచోట ఈ తీగ కూడా పోతుంది.

అలిపిరి మెట్ల దారిలోనో శ్రీవారి మెట్టు దారిలోనో నడిచేవారు పక్క పొదలను గమనిస్తూ పోవచ్చు. దారి దిగి పొదల్లోకి మాత్రం వెళ్లకండి. చిరుతలు తిరిగే చోటు, టీటీడీ పెట్టిన వేళలు ఊరికే పెట్టలేదు. పైగా తిరుమల కొండ మీద పూసిన ప్రతి పువ్వూ స్వామిదేనని, ఆడవాళ్లు తలలో సైతం పువ్వు పెట్టుకోని ఆచారం మనది. కొండ పువ్వును కోయకూడదని అక్కడ ఎవరికీ కొత్తగా చెప్పనవసరం లేదు.

పువ్వు లేకుండా గుర్తుపట్టడం

పూసినప్పుడు ఎవరైనా గుర్తుపడతారు. పూయకముందు గుర్తుపట్టడమే అసలు విద్య. ఆకు కొస చూడండి. ఆకు పొడవుగా, బల్లెపు ములికి ఆకారంలో, నిగనిగలాడుతూ ఉంటుంది. కాడ ఉండదు, నేరుగా కాండానికి అతుక్కుని ఉంటుంది. ఈనెలు వల అల్లినట్టు కాక, గడ్డిపరకలో మాదిరి పొడవునా సమాంతరంగా సాగుతాయి. ఇక కొసకు వచ్చేసరికి ఆకు సన్నబడి సన్నబడి, చివర ఒక నులితీగగా మారి చుట్ట చుట్టుకుంటుంది. కాకర, దొండ తీగల్లో నులితీగ కణుపు దగ్గర విడిగా పుడుతుంది. ఇందులో ఆకే నులితీగ అవుతుంది. మన కంచెల మీద పాకే మిగతా తీగల్లో ఈ లక్షణం ఉన్నది వెతికినా దొరకదు.

ఒక ఆకును వేలితో తాకి చూస్తే (తర్వాత చెయ్యి కడుక్కోవాలి సుమా), ఆ కొస పక్కనున్న రేగుకొమ్మ పుల్లనో ఎండుగడ్డి పరకనో రెండు మూడు చుట్లు చుట్టి గట్టిగా పట్టుకుని ఉంటుంది. లావు కొమ్మను అది పట్టుకోలేదు. దాని పిడికిలి చిన్నది. పెరట్లో ఊతం కట్టేటప్పుడు ఈ సంగతి అవసరం పడుతుంది, గుర్తుంచుకోండి.

పువ్వును చూసే పద్ధతి

దగ్గరికి వెళ్లాక వెంటనే ఫోను తీయకండి. వంగి, పువ్వు కింది నుంచి పైకి చూడండి. ఆరు రేకలు, అంచులు అలలు అలలుగా ముడుచుకుని వెనక్కి మళ్లి ఉంటాయి. ఆరు కేసరాలు బండి చక్రపు ఆకుల్లా చుట్టూ విచ్చుకుని ఉంటాయి. ఒక్కొక్కదాని చివర పుప్పొడి తిత్తి అడ్డంగా, సూది మొనపై నిలిపినట్టు ఊగుతుంటుంది. నడిమధ్య ఆకుపచ్చని అండాశయం. అందులోంచి వచ్చే కీలం తిన్నగా కిందికి దిగదు. మొదలులోనే లంబకోణంలో పక్కకు విరిగి, కేసరాల మధ్య నుంచి బయటికి చాచుకుని ఉంటుంది. కొసన మూడు చీలికలు. సీతాకోకచిలుకో తేనెపిట్టో తేనె కోసం పువ్వు చుట్టూ తిరిగేటప్పుడు ఒకచోట పుప్పొడి రెక్కలకు అంటుకుంటుంది, వేరే పువ్వు దగ్గర చాచి ఉన్న ఆ కొసకు రాసుకుంటుంది. సొంత పుప్పొడి సొంత కీలం మీద పడకుండా దూరం పాటించే ఏర్పాటు అది.

ఒకే తీగ మీద వేర్వేరు వయసుల పూలు వెతకండి. కొత్తగా విచ్చినది ఆకుపచ్చ కలిసిన పసుపు. రోజులు గడిచేకొద్దీ కొసల నుంచి ఎరుపు కిందికి దిగుతుంది. చివరికి రేక మొత్తం ముదురు ఎరుపు. తొలిసారి చూసేవారు రెండు రకాల మొక్కలు కలిసి పెరిగాయనుకుంటారు. కాదు, ఒకే తీగ.

ఫొటో తీయాలంటే పొద్దున ఎనిమిదిలోపు, లేదా మబ్బు పట్టిన రోజు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోను కెమెరా ఆ ఎరుపును తట్టుకోలేక ఒక ఎర్రటి ముద్దగా చూపిస్తుంది. తెరపై వెలుగును కాస్త తగ్గించి తీయండి. ఆకు కొస కూడా కనిపించేలా ఒక ఫొటో తప్పనిసరిగా ఉంచుకోండి. ఫొటోతో పాటు ఇంకో నాలుగు సంగతులు రాసుకోండి: ఏ పొద మీద ఎక్కింది, నేల రాతిదా ఎర్రమన్నా, వాలు ఎటు, ఏ పూట ఎండ పడుతోంది. పెరట్లో మీ పనికి ఇదే నమూనా.

ఆ నాలుగింటికీ జవాబులు చాలాచోట్ల ఒకే రకంగా వస్తాయి. రాళ్లు కలిసిన ఎర్ర నేల. నీళ్లు నిలవని వాలు. మొదట్లో వాక, బలుసు, రేగు వంటి ముళ్లపొద నీడ. తల పొద పైకి వచ్చేసరికి నిండు ఎండ. అంటే కాలికి నీడ, తలకు ఎండ, వేళ్ల కింద జారిపోయే నీరు. ఆరు నెలలు వాన, ఆరు నెలలు కరువు. ఈ మొక్కకు కావలసింది ఇంతే.

తవ్వొద్దని ఎందుకంటున్నాను

నేల కింద ఏం జరుగుతుందో తెలిస్తే మీకే తోస్తుంది. గడ్డ ఒక రెండు కొమ్ముల పుల్ల ఆకారంలో ఉంటుంది. రెండు కొసల్లోనూ ఒక్కొక్క మొలక కన్ను. అంతే, ఇంకెక్కడా కన్ను ఉండదు. ఆలుగడ్డను ముక్కలు కోసి నాటినట్టు దీన్ని నాటలేం. కొస విరిగితే ఆ కొమ్ము పని అయిపోయినట్టే. వానాకాలంలో కన్ను మొలిచి తీగ పెరుగుతుంటే పాత గడ్డ తనలోని పిండినంతా ఇచ్చి ముడుచుకుపోతుంది. తీగ మొదట్లో కొత్త గడ్డ పుడుతుంది. ఏడాదికి ఒకటి రెండవుతుంది, అదీ అన్నీ కలిసొస్తే. పూలున్నప్పుడు మీరు తవ్వితే పాతది అయిపోయి, కొత్తది నిండక, రెండూ దక్కవు. గునపం తగిలి కొమ్ము విరగడం మామూలే, ఈ గడ్డ అంత పెళుసు.

చట్టం సంగతి కూడా ఉంది. శేషాచలం 2010లో జీవావరణ రిజర్వు అయింది. అందులోనే 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు ఉంది. జాతీయ పార్కు నుంచి మొక్కను తీసుకుపోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా ఎర్రచందనం కొండల్లో గునపం పట్టుకుని పట్టుబడితే, పువ్వు కోసం వచ్చామని చెబితే ఎవరు నమ్ముతారు?

గడ్డలు కొనండి. తమిళనాడులో మూలనూరు, ధారాపురం, ఒట్టన్‌సత్రం ప్రాంతాల రైతులు మందుల కంపెనీలకు గింజలు అమ్మడం కోసం దీన్ని ఎకరాల్లో పండిస్తారు. వేసవిలో అక్కడ నుంచి విత్తన గడ్డలు బయటికి వస్తాయి. తెలిసిన నర్సరీకి ముందే చెప్పి తెప్పించుకోవచ్చు. కొనేటప్పుడు ఎక్కడ పండించిందో అడగండి. "కొండ నుంచి తెచ్చాం సార్" అని గర్వంగా చెబితే అక్కడే వదిలేసి రండి. ఆన్‌లైన్‌లో రోత్‌షిల్డియానా అని పెద్ద పువ్వుల రకం కనిపిస్తుంది. అది ఆఫ్రికా మూలాల తోట రకం. అందంగానే ఉంటుంది, కానీ మన కంచె మీది పువ్వు కావాలనుకుని దాన్ని కొంటే ఏం లాభం?

కుండీ, మన్ను

మే నెలాఖరుకల్లా సిద్ధం చేసుకోండి. కనీసం పన్నెండు అంగుళాల లోతున్న మట్టి కుండీ మంచిది. ప్లాస్టిక్ కుండీ తిరుపతి ఎండకు లోపల ఉడికిపోతుంది. అడుగున రంధ్రాలు రెండు మూడు ఉండాలి, వాటి మీద పెంకు ముక్కలు బోర్లించండి. రెండు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు గరుకు ఇసుక, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు. పచ్చి పేడ వద్దు. నల్లరేగడి అసలే వద్దు. పిడికెడు చిన్న కంకర కలిపితే ఇంకా మంచిది.

అంతా అయ్యాక కుండీలో నిండా నీళ్లు పోసి చూడండి. నిమిషంలోపు అడుగు నుంచి ధారగా కారాలి. పైన మడుగు కట్టి నిలిచిందంటే ఇసుక చాలలేదు. ఇది చిన్న విషయమని వదిలేయకండి. మన దగ్గర వాయుగుండం పట్టిందంటే రెండు రోజుల్లో నెల వాన పడుతుంది. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారే దెబ్బతింది. అడుగు రంధ్రం పూడిన కుండీలో గడ్డ గతి ఏమవుతుందో వేరే చెప్పాలా? ఈ మొక్కను చంపేది ఎండ కాదు, నిలిచిన నీరు.

నాటడం

చేతితొడుగులు వేసుకోండి. యాభై అరవై గ్రాములున్న గడ్డ అయితే ఆ ఏడే పూస్తుంది. చిటికెన వేలంతవి ఆకులేసి ఊరుకుంటాయి, పూతకు మరుసటి ఏడు దాకా ఆగాలి. గడ్డను చేతిలో తిప్పి కొసలు పరీక్షించండి. కన్ను దగ్గర తెల్లగా, బిగువుగా ఉండాలి. మెత్తబడితే పక్కన పెట్టేయండి.

మృగశిర కార్తెలో తొలి వాన పడ్డాక నాటండి. గడ్డను నిలువుగా గుచ్చకుండా అడ్డంగా పడుకోబెట్టి, పైన రెండు అంగుళాల మన్ను కప్పండి. పన్నెండు అంగుళాల కుండీకి ఒక్క గడ్డ చాలు. నేలలో అయితే అడుగు దూరానికొకటి, గోడ పక్కనో పొద పక్కనో, గట్టులా ఎత్తు చేసి నాటండి. ఒకసారి తడిపి వదిలేయండి. మొలక వచ్చేదాకా మన్ను చెమ్మగా ఉంటే చాలు. రెండు మూడు వారాలు, ఒక్కోసారి నెల పడుతుంది. మొలిచిందో లేదో అని వేలు పెట్టి కెలకడం మాత్రం చేయకండి. ఆ లేత మొలక విరిగితే ఆ ఏడాదికి సెలవు.

ఊతం, ఎండ, నీళ్లు

ముందు చెప్పిన చిన్న పిడికిలి గుర్తుందిగా. లావాటి వెదురు గెడ పాతి ఎక్కమంటే ఈ తీగ ఎక్కదు, పక్కకు ఒరిగి పడిపోతుంది. ఎండు కంది కట్టెలు, చీపురు పుల్లలు, సన్నటి ఎండు రెమ్మలు గుబురుగా గుచ్చండి. ఇంకా మంచి మార్గం, పెద్ద కుండీలో ఒక గోరింట మొక్కనో నందివర్ధనాన్నో తోడుగా పెట్టి దాని మీదికి ఎక్కనివ్వడం. తమిళనాడు పొలాల్లో కూడా ముళ్లపొదను కంచెలా పెంచి దాని మీదే పాకిస్తారు. నైలాన్ వల మీద కూడా పాకుతుంది గానీ, సీజను అయ్యాక ఎండు తీగలను వలలోంచి పీకడం విసుగు పుట్టించే పని.

తిరుపతి, శ్రీకాళహస్తి, నగరి వైపు వారు పడమటి ఎండ తగలని చోట పెట్టండి. ఉదయం నాలుగైదు గంటల ఎండ చాలు. మదనపల్లె, పలమనేరు, కుప్పం వైపు నేల ఎత్తు, గాలి చల్లన, అక్కడ నిండు ఎండలోనే పెట్టొచ్చు. మొదలు మీద ఎండుటాకులు కప్పితే కాలికి నీడ కూడా సమకూరుతుంది.

పైమన్ను ఒక అంగుళం ఆరాక నీళ్లు పోయండి. వాన రోజుల్లో పోయనక్కర్లేదు. మీ బోరు నీళ్లకు కుండీ అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటుంటే, వాన నీళ్లు పట్టి ఉంచుకుని అవే వాడండి. మొగ్గ తొడిగే వేళ గుప్పెడు మాగిన ఎరువు వేస్తే చాలు. మొలిచిన రెండు నెలలకు అటూ ఇటూగా మొగ్గలు వస్తాయి.

ఒక పురుగు

ఒక పొద్దున చూస్తే ఆకుల మీద నల్లటి గొంగళి పురుగులు గుంపుగా కనిపించవచ్చు. ఒంటి నిండా తెల్ల మచ్చలు, ఎర్ర మచ్చలు, ముగ్గు వేసినంత పొందికగా. లిల్లీ చిమ్మట పిల్లలవి, పాలిటెలా గ్లోరియోసే. పేరులోనే ఈ మొక్క ఉంది. మనుషుల ప్రాణం తీసే ఆకును అవి నిక్షేపంగా నమిలి హరాయించుకుంటాయి. రెండు రోజులు ఏమరుపాటుగా ఉంటే ఈనె కూడా మిగల్చవు. తొడుగులు వేసుకుని ఏరి సబ్బునీళ్లలో వేయండి, లేదా దూరంగా విడిచిపెట్టండి. మందు కొట్టకండి. కొడితే పువ్వు మీదికి వచ్చే సీతాకోకచిలుకలకూ అది తగులుతుంది. పెరట్లో కేసరి చెట్టు, అమరిల్లిస్ వంటివి ఉంటే వాటి ఆకులు కూడా తిరగేసి చూడండి, ఈ పురుగులు వాటినీ తింటాయి.

కాయ కట్టించడం

ఊరి మధ్య డాబా మీద సీతాకోకచిలుకలు తక్కువ. పువ్వులు పూసి కాయ కట్టకుండా రాలిపోతుంటే మీరే ఆ పని చేయాలి. పొద్దున పుప్పొడి తిత్తి పగిలి పసుపు పొడి పైకి తేలినప్పుడు, మెత్తటి కుంచెతో దాన్ని తీసి, వేరే పువ్వు కీలం కొసలోని మూడు చీలికల మీద అద్దండి. వేరే మొక్క పువ్వు అయితే మరీ మంచిది. తమిళనాడు రైతులు కూలీలను పెట్టి పొలం పొలమంతా ఇలా చేతితోనే అద్దిస్తారు. ఆ కుంచెను బొమ్మలు వేసే పిల్లల పెట్టెలో మళ్లీ పెట్టకండి.

పట్టిందంటే రేకలు ఎండినా అండాశయం ఉబ్బుతూ వస్తుంది. కాయ రెండు అంగుళాల పైన పొడవుంటుంది. ఆకుపచ్చగా ఉన్నప్పుడు కోయకండి. పసుపు తిరిగి, తొక్క ముడతపడి, అంచు చీలి లోపల ఎరుపు కనిపించినప్పుడు కోయండి. నీడలో వారం ఆరబెట్టి, గింజలు కాగితం కవరులో వేసి, కవరు మీద పెద్ద అక్షరాలతో "విషం" అని రాసి, వంటింటికి దూరంగా దాచండి. ఈ చివరి మూడు మాటలు తేలిగ్గా తీసుకోవద్దు.

నిద్ర కాలం

డిసెంబరు, జనవరిల్లో ఆకులు పసుపు తిరుగుతాయి. మొక్క చచ్చిపోతోందని కంగారుపడి నీళ్లు ఎక్కువ పోసేవారే ఎక్కువ. సరిగ్గా తిరగేసి చేయాలి. నీళ్లు తగ్గించుకుంటూ వచ్చి, పూర్తిగా ఎండాక ఆపేయండి. పచ్చగా ఉన్న తీగను కోయకండి, కింద గడ్డ నిండేది ఆ ఆకుల పుణ్యమే. ఎండిన తీగ లాగితే చేతికే ఊడి వస్తుంది.

కుండీని వాన, నీళ్లు తగలని నీడలో, మెట్ల కిందో వసారా మూలో పెట్టి మే దాకా మరచిపోండి. రెండేళ్లకొకసారి మన్ను మార్చండి. అప్పుడు పారతో కాకుండా కుండీని పక్కకు పడుకోబెట్టి, మన్ను చేతులతో విడదీసి గడ్డలు తీయండి. పాత గడ్డ గుల్లగా, తోలులా ఉంటుంది, కొత్తది బరువుగా ఉంటుంది. కొత్తవే మళ్లీ నాటండి. పాతవాటిని చెత్తబుట్టలో పడేయక లోతుగా పాతిపెట్టండి.

గింజ నుంచి

ఓపిక ఉన్నవారి పని ఇది. గింజ కోసిన వెంటనే మొలవదు, ఆరు నుంచి తొమ్మిది నెలలు నిద్ర తీస్తుంది. చలికాలంలో రాలిన గింజ వానాకాలం దాకా ఆగడానికి కొండ నేర్పిన పద్ధతి అది. మీరు కూడా జూన్ దాకా ఆగండి. ఒక రాత్రి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, ఎర్రటి పైపొర మెత్తబడితే రుద్ది తీసేసి, ఇసుక ఎక్కువ కలిపిన మన్నులో అర అంగుళం లోతున నాటండి. అన్నీ ఒకేసారి మొలవవు. కొన్ని మూడు వారాలకు, కొన్ని మూడు నెలలకు. సగం మొలిస్తే సంతోషించండి.

మొదటి ఏడు గడ్డిపరకలాంటి ఆకులు కొన్ని వేసి, చలి రాగానే పడుకుంటుంది. ఆకు కొసన ఇంకా నులితీగ ఉండదు. కింద గడ్డ బఠాణీ గింజంత. రెండో ఏడు కాస్త పొడవు, కొసన చిన్న వంపు. మూడో ఏడు ఊతం అడుగుతుంది. మూడో ఏటనో నాలుగో ఏటనో పూస్తుంది.

కొన్న గడ్డల నుంచి వచ్చిన గింజలను కొండ అంచుల్లో చల్లే సరదా మాత్రం వద్దు. ఎక్కడి రకమో తెలియనిదాన్ని అక్కడి మొక్కల్లో కలపడం వాటికి మేలు కాదు. మిగిలితే పెంచుకునే స్నేహితులకు ఇవ్వండి, విషం సంగతి కూడా చెప్పి. చివరగా, నారు పోసిన ప్రతి తొట్టికీ పేరు, ఏడాది రాసిన రేకు ముక్క గుచ్చండి. ఆరు నెలలు ఖాళీ మన్నులా కనిపించే తొట్టిని ఇంట్లో ఎవరో ఒకరు కొత్తిమీర చల్లడానికి తీసుకుంటారు. అలా జరిగితే మూడేళ్ల పని పోవడమే కాదు, ఆ మన్నులోని గడ్డలు కూరాకుతో పాటు వంటింట్లోకి వస్తాయి.